లేదని కాదు, ఇంకా తెలియదని

ఆఫీసులో మా జట్టు లీడ్ అక్క శుక్రవారం ఉదయం పోయింది. మా ఆఫీసువాళ్ళు మాత్రం ఆమెను బుధవారం సాయంత్రమే పంపించేశారు. ముందు ఆ కడుపుమంట చెప్పుకోనివ్వండి, మిగతాది తర్వాత.

బుధవారం నాడు ఆమె ఆసుపత్రిలో గాజు తలుపు అవతల ఊపిరి తీస్తూనే ఉంది. తలలో నరం చిట్లింది, డాక్టర్లు లోపలే ఉన్నారు, అంతవరకే బయటివాళ్ళకు తెలుసు. ఇంతలో ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఎవరో చేతులు జోడించిన బొమ్మ పెట్టి 'ఓం శాంతి' అన్నారు. దాని కింద ఇంకొకరు. ఆ కింద మరొకరు. 'నమ్మలేకపోతున్నాను' అని ఒకాయన రాశాడు. నమ్మలేనివాడివి, ఒక్క ఫోన్ చేసి అడగరాదా నాయనా? గచ్చిబౌలి బస్సులో కడ్డీ పట్టుకుని నిలబడి అదంతా చదివాను. ఆమె భర్తకు ఫోన్ చేశాను.

"ఎవరు చెప్పిన్రు మీకు?" అన్నాడాయన. "డాక్టర్ ఇంక బయటకే రాలె. మాకే ఏం తెల్వదు."

ఆ మాట గ్రూపులో పెట్టాను. అప్పుడు ఒక్కొక్కరే తమ శాంతిని వెనక్కి తీసుకున్నారు. 'ఈ సందేశం తొలగించబడింది.' 'ఈ సందేశం తొలగించబడింది.' తెరంతా అవే. రెండు రోజుల తర్వాత నిజంగానే కబురు వచ్చినప్పుడు, చాలాసేపు ఒక్కరూ నోరు మెదపలేదు. ఎవరికీ నమ్మకం కుదరలేదు మరి.

ఆ తల్లి ఉద్యోగం చేసినంతకాలం పోట్లాడింది ఈ ఒక్క తప్పు మీదే. తెలియకముందే తెలిసినట్టు చెప్పడం. చివరికి ఆమె చావు మీదే ఆ తప్పు జరిగింది. అందుకే ఈ నాలుగు మాటలు చల్లని మనసుతో రాయలేకపోతున్నాను. మన ఆదివారం గోష్ఠికి వచ్చేవారు నా గొంతు ఎరుగుదురు కాబట్టి మన్నిస్తారనే అనుకుంటున్నాను.

గోపన్‌పల్లిలో మన అపార్టుమెంటు హాల్లో శాస్త్రం చెప్పే నేను, మిగతా వారమంతా ఒక అద్దాల మేడలో కూర్చుని వెబ్ పేజీలు కడతానని మీలో కొందరికే తెలుసు. రెండింటిలోనూ నాకు గురువు లేడు. శాస్త్రం పుస్తకాలు కొనుక్కుని చదివాను, కంప్యూటరు వీడియోలు చూసి నేర్చుకున్నాను. అనంతపురం నుంచి సంచి ఒకటి పట్టుకుని వచ్చినవాణ్ణి. అలాంటివాడికి నడివయసులో దొరికిన గురువు మా అక్క. గురువు అంటే ఆమె ఒప్పుకునేది కాదు. "ఏంది స్వామీ, నన్ను గుడ పీఠం ఎక్కిస్తవా? నాకు మోకాళ్ళ నొప్పులు," అనేది.

ఆమెది హఫీజ్‌పేట్. చుట్టూ కాలనీలు లేవకముందు నుంచీ అక్కడున్న కుటుంబం. ఇంటి వెనకే రైలు పట్టాలు. ఫోన్‌లో మాట్లాడుతూ మధ్యలో ఆగిపోయేది. బండి వెళ్ళేదాకా ఆగి, వదిలిన అక్షరం దగ్గరే మళ్ళీ మొదలుపెట్టేది. సర్వపిండి తెచ్చేది, ఎవరినీ అడక్కుండా అందరి బల్లల మీదా తలో ముక్క పెట్టుకుంటూ పోయేది. చాయ్ చల్లారేదాకా తాగేది కాదు. చల్లారాక "ఛీ, చల్లగయింది," అని తిట్టుకుంటూ తాగేది. ఈ తంతు నేను వచ్చిననాటి నుంచి ఒక్కనాడూ తప్పలేదు.

ఆమె నేర్పిన విద్య ఏమిటో చెప్పాలి. కంప్యూటరు ముట్టనివారు కూడా భయపడకండి. ఆమె నాకు చెప్పినట్టే చెబుతాను.

ఒక కిరాణా కొట్టు ఉంది. అరల నిండా డబ్బాలు. ప్రతి డబ్బా మీదా పేరు రాసి ఉంది: చక్కెర, కందిపప్పు, చింతపండు. ఆ పేరును మా వృత్తిలో 'కీ' అంటారు. లోపలున్న సరుకు 'వాల్యూ'. అరలన్నీ కలిపితే 'స్టేట్'. ఇక మీ ఫోన్ తెర మీద కనిపించే ఒక్కొక్క గడీ, ఒక్కొక్క వరసా ఏదో ఒక డబ్బా మీద కన్నేసి కూర్చుంటుంది. వాటిని 'కాంపోనెంట్లు' అంటాం. డబ్బాలో సరుకు మారిందా, దాన్ని చూస్తున్న గడి తనంతట తానే మారిపోతుంది. పిలిచి చెప్పే పని లేదు. చింతపండు డబ్బా మారితే చక్కెర గడి ఉలిక్కిపడదు. ఇంతే మా విద్య. ఈ మాత్రానికి ఇన్ని అద్దాల మేడలు.

"రాసేటోడు ఒక్కడే ఉండాలె, చూసేటోళ్ళు ఎందరన్న ఉండనీ," అనేది అక్క. కనిపించిన ప్రతివాడూ డబ్బాలో చెయ్యి పెట్టి సరుకు మార్చేస్తే, ఏది ఎవడు మార్చాడో ఆ దేవుడికి కూడా తెలియదని ఆమె వాదం. నాకది బాగా నచ్చింది. చేసేవాడు వేరు, సాక్షిగా చూసేవాడు వేరు అని మన శాస్త్రం ఎన్నడో చెప్పింది కదా! ఆ మాట ఉత్సాహంగా ఆమెకు చెప్పాను.

"అబ్బ, మీ శాస్త్రంల స్టేట్ మేనేజ్‌మెంట్ గుడ ఉన్నదా?" అంది. "మరి నిన్న నువ్వు రాసిన కోడ్‌ల ఎందుకు లేదు స్వామీ?"

చుట్టూ కూర్చున్నవాళ్ళు పడీపడీ నవ్వారు. నాకు కోపం వచ్చింది. ఆమె దగ్గర పనిచేసినన్నాళ్ళూ నాకు రోజుకొక్కసారైనా కోపం వచ్చింది. ఇప్పుడు కోపం తెప్పించేవాళ్ళు లేక వస్తోంది.

అసలు గొడవ ఈ డబ్బాల దగ్గర కాదు, మూత దగ్గర.

మేము చేస్తున్నది రక్తనిధుల పని. ఏ రక్తనిధిలో ఏ గ్రూపు రక్తం ఉందో ఆసుపత్రి దగ్గర నిలబడ్డ మనిషి తన ఫోన్‌లో చూసుకోవాలి. ఒక్కో గ్రూపుకు ఒక్కో గడి. ఉంటే ఆకుపచ్చ, 'ఉంది'. లేకపోతే ఎరుపు, 'లేదు'. అందరూ చేసే పద్ధతిలోనే మా జట్టు చేసింది. ఆ పద్ధతి ఏమిటంటే, డబ్బా ఇంకా రాకపోతే దాన్ని సున్నా అనుకోవడం. రక్తనిధి నుంచి కబురు వచ్చేలోపు తెర ఖాళీగా ఉండకూడదు కదా, అందుకని. కబురు రాగానే సరైన అంకె వచ్చి కూర్చుంటుంది. మా బల్లల దగ్గర నెట్ వేగంగా ఉంటుంది కాబట్టి రెప్పపాటు కూడా పట్టదు. ఎవరి కంటికీ కనపడదు.

అక్కకు ఒక అలవాటుంది. ఏ పని పూర్తయినా బల్ల దగ్గర చూసేది కాదు. వాళ్ళమ్మ వాడి పక్కన పడేసిన పాత ఫోన్ ఒకటి, అద్దం పగిలింది, బ్యాగులో ఉండేది. అది తీసి లేచి నిలబడి, "రండ్రి, పాతాళానికి పోదాం," అనేది. జట్టంతా లిఫ్టులో కింది సెల్లారుకు దిగాలి. జనరేటరు పక్కన, కార్ల వెనక ఒక మూల ఉంది, సిగ్నల్ చచ్చిపోయే చోటు. అక్కడ నిలబడి మా యాప్ తెరిచేది. డీజిలు వాసనలో, ఇస్త్రీ చొక్కాలతో, మెడలో ఆఫీసు పట్టీలతో, పాత ఫోన్ చుట్టూ తలలు వంచి మేము. కాపలాదారు మొదట్లో మమ్మల్ని అనుమానంగా చూసేవాడు. తర్వాత తర్వాత, "మేడం, ఇయ్యాల గుడ ఉన్నదా పూజ?" అని అడిగేవాడు.

ఆరోజు పాతాళంలో మా తెర తెరుచుకుంది. గడులన్నీ ఎరుపు. లేదు. లేదు. లేదు. ఏ గ్రూపూ లేదు, ఏ రక్తనిధిలోనూ లేదు. సిగ్నల్ రాలేదు కాబట్టి అంకెలు రాలేదు. అంకెలు రాలేదు కాబట్టి మా తెర, హైదరాబాదులో బొట్టు రక్తం లేదని చెబుతూ కూర్చుంది.

"ఎవరు చూసిన్రు లేదని?" అంది అక్క.

పగిలిన అద్దాన్ని మా ముఖాలకేసి తిప్పింది.

"మూత తీసిన్రా? లోపల చూసిన్రా? మూత తియ్యకుండ ఖాళీ అని ఎట్లంటరు?"

నేను ఊరుకోలేదు. "సిగ్నల్ వస్తానే సరైపోతాదిలే అక్కా. అర నిమిషం. అంతలో ఏమైతాది?"

ఆమె నావైపు చూసింది. "అర నిమిషంల ఆటో తిరిగిపోతది స్వామీ. లేదు అని చూసినోడు అక్కడ నిలబడడు. ఇంకో దిక్కు ఉరుకుతడు. వాడు అటు ఉరికినంక నువ్వు పచ్చగ ఉంది అని చూపెడితే, ఎవరికి చూపెడుతున్నవ్?"

అప్పటి నుంచి మా తెర మీద మూడో రంగు వచ్చింది. బూడిదరంగు. దాని మీద 'ఇంకా తెలియదు' అని రాసి ఉంటుంది. కబురు రానంతసేపు బూడిద. వచ్చిన కబురు పాతబడితే మళ్ళీ బూడిద. "పొద్దుగాల ఉన్నది ఇప్పుడు ఉన్నట్టేనా? పాసిపోయిన అన్నం అన్నమేనా?" అని తగవుపెట్టి మరీ పెట్టించింది. సున్నా వేరు, రాకపోవడం వేరు. ఈ రెండింటినీ ఒక్కటి చేసే అధికారం ఏ గడికీ ఇవ్వలేదు. స్టేట్ మొత్తానికి ఒకేచోట ఆ నియమం రాసింది. అక్కడ ఒక్క వాక్యం మారిస్తే బూడిదలన్నీ ఎరుపెక్కిపోతాయి. ఆ వాక్యం ముట్టుకోవద్దని పక్కనే తెలుగులో, పెద్ద అక్షరాలతో రాసిపెట్టింది.

మా మేనేజరు సారుకు ఆ బూడిద మొదటినుంచీ నచ్చలేదు. ఆయన కాకినాడ వైపు మనిషి, మర్యాదస్తుడు, కోపంలో కూడా అండీ వదలడు. "చూడటానికి సగం కట్టి వదిలేసిన ఇల్లులా ఉందండీ. పని పూర్తి కాలేదనుకుంటారు. డబ్బు పెట్టేవాళ్ళకు తెలియదు అని చూపించకూడదండీ, తెలుసు అని చూపించాలి," అనేవాడు.

"తెలిస్తె చూపెడదాం సార్," అనేది అక్క. అంతే. ఆ తర్వాత ఆయన ఎంత మాట్లాడినా సర్వపిండి తింటూ వినేది.

ఒక ఆదివారం ఆమె మన గోష్ఠికి వచ్చింది. మీలో కొందరు చూసే ఉంటారు, వెనక వరసలో తలుపు పక్కన, చేతిలో హెల్మెట్ పెట్టుకుని కూర్చుంది. ఆరోజు నేను మరణం తర్వాత జీవుడి ప్రయాణం గురించి చెప్పాను. ఎప్పటిలాగే గట్టిగా, బల్ల గుద్ది చెప్పాను. ఎక్కడికి పోతాడు, ఎవరు ఎదురొస్తారు, ఏ దారి, ఏ వెలుగు. మీరంతా తలలు ఊపారు. అయిపోయాక ఆమె చెప్పులు వేసుకుంటూ అడిగింది.

"మస్తు చెప్పినవ్ స్వామీ. ఒక్కటి అడుగుత. మూత తీసి చూసినవా?"

"చూసినవాళ్ళు చెప్పిందే శాస్త్రమక్కా," అన్నాను మంటెక్కి.

"వాళ్ళు చూసిన్రు, సరే. వాళ్ళ మీద నాకు గౌరవమే. నువ్వు చూసినవా అంటున్న."

"నమ్మకం అనేది ఒకటుంటాది కదా!"

"ఉంటది. నమ్ముతున్న అను. తెలుసు అనకు. రెండింటికి రెండు రంగులుండాలె."

ఆ మాటకు నేను ఇప్పటికీ ఒప్పుకోను. శాస్త్రం కిరాణా డబ్బా కాదు. ఋషి వాక్యం సెల్లారులో పరీక్షించేది కాదు. మరుసటి రోజు భోజనాల దగ్గర కూర్చోబెట్టి గంట వాదించాను, ప్రమాణాలు చూపించాను. ఆమె వింటూ వింటూ చివరికి, "నీ పెరుగు నేను తినేసిన, చూసుకోలె నువ్వు," అంది. ఏం చేయాలి అలాంటి మనిషితో? అయితే నిజం దాచను. తెలుసునని అనుకునేవాడికే పరమసత్యం అందదని శాస్త్రంలోనే ఒకచోట హెచ్చరిక ఉంది. ఆ చోటు మీకెన్నడూ చెప్పలేదు, ఎందుకో నా నోటికి రాలేదు. ఆమెకూ చెప్పలేదు. చెబితే ఆమె పక్షం గెలుస్తుంది కదా!

ఇక ఆసుపత్రి. బయట కుర్చీల్లో వాళ్ళమ్మ కూర్చుని ఉండేది. వచ్చిన ప్రతివారూ ఆవిడ చెవిలో ఏదో ఒకటి పోసి పోయేవారు. "ఏం కాదమ్మా, రేపు లేచి కూర్చుంటది," అని ఒకరు. గోడ పక్కకు పోయి, "ఇగ ఆశ లేదట," అని ఇంకొకరు, అదీ ఆవిడకు వినబడేంత గట్టిగా. ఆవిడ ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి కళ్ళు తిప్పుతూ ఉండేది. ప్రియంగా ఉంది కదా అని అబద్ధం చెప్పకూడదంటారు పెద్దలు. నిజం కదా అని గుచ్చకూడదనీ అంటారు. ఇక్కడ ఏది అబద్ధమో ఏది నిజమో చెప్పినవాళ్ళకే తెలియదు!

గురువారం నేను అక్కడ ఉండగానే మేనేజరు సారు ఫోన్ చేశాడు. ముందు అక్క ఎలా ఉందని అడిగాడు, పాపం నిజంగానే బాధపడ్డాడు. ఆ తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"సోమవారం డబ్బు పెట్టేవాళ్ళకు చూపించాలండీ. ఆ బూడిదరంగు ఉందే, అది తీసేద్దామండీ. ఒక్క లైనే కదా."

"ఆమె లోపల పడుకొని ఉంది సార్."

"అందుకేనండీ, ఆవిణ్ణి ఇబ్బంది పెట్టలేక మిమ్మల్ని అడుగుతున్నాను."

ఆ వరండాలో నర్సులు తిరిగి చూసేంతగా అరిచాను. గ్రూపులో మీరందరూ నిన్న ఏం చేశారో చూశారు కదా, ఆ పనే మన తెర చేత కూడా చేయిస్తారా అన్నాను. బతికున్న మనిషికి దండలేశారు, ఇప్పుడు ఉన్న రక్తాన్ని లేదంటారా అన్నాను. ఆయన అంతా విన్నాడు.

"మీ ఆవేశం నాకు అర్థమవుతుందండీ. మీరు చేయలేకపోతే వేరేవాళ్ళతో చేయిస్తాను. సోమవారం పొద్దుటికి ఉండకూడదండీ."

ఆయన మాట తప్పే మనిషి కాదు. చెప్పాడంటే చేయిస్తాడు. మర్నాడు అక్క పోయింది. సాయంత్రానికి అగ్గి పెట్టారు. చితి బూడిదవుతుంటే అక్కడ నిలబడి కూడా నా బుర్రలో ఆ ఒక్క వాక్యమే తిరిగింది. ఒకమ్మ పని చేసి చేసి, పోట్లాడి పోట్లాడి, మిగిల్చింది ఏమిటి? ఒక వాక్యం. అది కూడా సోమవారం దాకా!

మొన్న ఆదివారం హాలు తాళం తీయలేదేమని మీలో కొందరు ఫోన్ చేశారు. గోష్ఠి మొదలయ్యాక నేను రాకపోవడం అదే మొదటిసారి. నేను హఫీజ్‌పేట్‌లో ఉన్నాను. మూడో రోజు. పిట్టకు పెట్టే రోజు.

ఇంటి వెనక, పట్టాల పక్కనున్న ఖాళీ జాగాలో విస్తరి వేశారు. ఆమెకు ఇష్టమైనవన్నీ పెట్టారు. అన్నం, తలకాయ కూర, సర్వపిండి, ఒక గ్లాసులో కల్లు, ఒక కప్పులో చాయ్. మాంసం వాసనకు నేను కాస్త దూరంగా నిలబడ్డాను. కాకి వచ్చి ముట్టాలి. ముడితే పోయిన మనిషికి తృప్తి, ఉన్నవాళ్ళు వెళ్ళి అన్నం తినొచ్చు. ముట్టకపోతే మనసులో ఏదో మిగిలిపోయిందని అర్థం. ఇది ఏ శాస్త్రంలో ఉందో, ఏ శ్లోకంలో ఉందో నేను చెప్పగలను. ఆ ఎండలో ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

కాకి రాలేదు. ఒకప్పుడు ఇక్కడ గుంపులుగా ఉండేవట. ఇప్పుడు చుట్టూ అపార్టుమెంట్లు. ఎంతసేపటికో ఒక్క కాకి వచ్చి పట్టాల మీది కరెంటు తీగ మీద కూర్చుంది. అది కిందికి చూసింది. ముక్కు తీగకు రాసుకుంది. కదల్లేదు.

"ఏమన్న కోరిక మిగిలింది బిడ్డకు," అన్నాడు అక్క మేనమామ. పెద్దాయన, తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఎవరెవరు ఏం ఒప్పుకోవాల్నో ఒప్పుకోండ్రి."

భర్త ముందుకు వెళ్ళాడు. విస్తరి దగ్గర వంగి, "అత్తమ్మను నేను చూసుకుంట. ఫికర్ చెయ్యకు. వచ్చి ముట్టు," అన్నాడు. కాకి కదల్లేదు. మేనమామ, కట్టకుండా ఆపిన వెనక గోడ కట్టిస్తానన్నాడు. కదల్లేదు. తల్లి కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

మేనేజరు సారు కూడా వచ్చాడు. చెప్పులు విడిచి, ఎండకు కాలిన నేల మీద ఒక కాలు మార్చి ఒక కాలు పెడుతూ, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఆయన్ని చూడగానే నాలో ఏదో తెగింది. తగునో తగదో ఆలోచించలేదు.

"సార్, మీరూ చెప్పండి," అన్నాను.

"నేనా? నేనేం చెప్తానండీ, ఇది కుటుంబం వాళ్ళ..."

"ఆ బూడిదరంగు సంగతి."

ఆయన ముఖం పాలిపోయింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆయనవైపు తిరిగారు. వాళ్ళకు ఆ రంగు ఏమిటో తెలియదు, కానీ ఈయన దగ్గర ఆమెది ఏదో ఉందని మాత్రం అర్థమైంది. మేనమామ దగ్గరికి వచ్చాడు.

"ఏంది సార్ అది? మా బిడ్డ దేనికన్న పరేషాన్ అయిందా?"

"అంటే... పని విషయమండీ," అన్నాడు సారు. "తెలియనప్పుడు తెలియదని చూపించాలని ఆవిడ... నేను తీసేద్దామన్నాను."

"మరి తియ్యకుండ్రి!" అన్నాడు మేనమామ, ఇంత చిన్న సంగతికి ఇంత ఆలోచనా అన్నట్టు. "తెల్వకపోతే తెల్వదనే అనాలె గద. ఇంకేమంటరు?"

సారు కట్టుకున్న చేతులు విప్పాడు. తర్వాత విస్తరి దగ్గరికి నడిచాడు. వంగాలో అక్కరలేదో తెలియక సగం వంగాడు. ఆమెను ఎప్పుడూ పేరు పెట్టి పిలిచేవాడు, ఆరోజు పేరు నోట రాలేదు.

"తీయనండీ," అన్నాడు విస్తరితో. "సోమవారం అలాగే చూపిస్తాను. వాళ్ళేమన్నా నేను పడతాను. తీయను."

అందరూ తలలెత్తి చూశారు. నేనూ చూశాను. దించు తల్లీ, దించు ఆ కాకిని అని నాకు తెలిసిన మంత్రాలన్నీ లోలోపల చదివాను. ఇంతకంటే ఏం కావాలి నీకు? గెలిచావు కదా, ఇంకా ఎందుకు పంతం? నిజంగానే కోపం వచ్చింది నాకు. బతికున్నన్నాళ్ళూ వేధించింది, ఇప్పుడూ వేధిస్తోంది!

వాళ్ళమ్మ నా పక్కకు వచ్చింది. కూతురు చెప్పగా నన్ను స్వామి అనే ఎరుగును ఆవిడ. ఆసుపత్రిలో అంతమంది అన్ని మాటలు చెబుతున్నా నన్ను ఏమీ అడగలేదు. ఇప్పుడు నా మోచెయ్యి పట్టుకుంది.

"అయ్యా, నువ్వు దేవుని మాటలు చదివినోనివి. నా బిడ్డ మనసుల ఇంకేమన్న ఉన్నదా? ఇప్పుడన్న వస్తదా పిట్ట?"

వస్తుందమ్మా అనడానికి నాకు శ్లోకాలున్నాయి. రాకపోయినా ఫరవాలేదమ్మా అనడానికి అంతకంటే ఎక్కువే ఉన్నాయి. మీరంతా వింటూ తలలూపేవే. ఆవిడ కళ్ళు నా ముఖం మీదే ఉన్నాయి, ఆసుపత్రిలో ఒక ముఖం నుంచి ఇంకో ముఖానికి తిరిగిన కళ్ళే.

"తెలియదమ్మా," అన్నాను.

ఆవిడ కోప్పడలేదు, ఏడవలేదు. నా మోచెయ్యి వదల్లేదు. "సరే అయ్యా," అంది మెల్లగా. "చూద్దాం మరి."

లింగంపల్లి వైపు నుంచి బండి వచ్చింది. తీగ ఊగింది, కాకి లేచింది, విస్తరి అంచు గాలికి లేచి మెతుకులు కొన్ని మట్టిలో పడ్డాయి. పెట్టెలన్నీ వెళ్ళిపోయాక చూస్తే కాకి మళ్ళీ అదే తీగ మీద ఉంది. ఈసారి కాస్త కిందికి, స్తంభం దగ్గరగా, మెడ వంచి. మేనమామ తలపాగా లేని తల, సారు బట్టతల, ఆ తల్లి నెరిసిన జుట్టు, అందరి తలలూ ఎండలో పైకెత్తే ఉన్నాయి.